డాలరు పది సెంట్లతో మొదలైన క్షయ ఆస్పత్రి

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని డెన్వర్ నగరంలో యూదులు నడిపే ఉచిత క్షయ ఆస్పత్రులు రెండు ఉండేవి. రెండూ ఒకే రోడ్డు మీద. కోల్‌ఫాక్స్ అవెన్యూ అనే ఆ పొడవాటి రోడ్డుకి తూర్పు వైపు ఒకటి, పడమటి వైపు ఊరు దాటాక ఇంకొకటి. రెండు చోట్లా రోగి దగ్గర చిల్లిగవ్వ తీసుకునేవారు కాదు. రెండింటికీ దేశం నలుమూలల నుంచి యూదులే చందాలు పంపేవారు. అయినా ఆ రెండు సంస్థలకీ ఏళ్ళ తరబడి ఉప్పూ నిప్పులా ఉండేది. పైకి చూస్తే అది చందాల గురించిన పోటీ, కాస్త లోపలికి వెళ్తే వంటింటి గొడవ. అసలు తగువు మాత్రం వేరు. మంచాలు తక్కువ, రోగులు ఎక్కువ అయినప్పుడు మంచం ఎవరికి ఇవ్వాలి? బతికే అవకాశం ఉన్నవాడికా, ఎక్కడా చోటు దొరకనివాడికా?

డెన్వర్‌నే ఎందుకు ఎంచుకున్నారన్నదానికి జవాబు ఆ ఊరి వాతావరణంలో ఉంది. సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తు, పొడి గాలి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ. 1882లో రాబర్ట్ కాక్ క్షయకి కారణమైన బ్యాక్టీరియాని పట్టుకున్నాడు గానీ, దాన్ని చంపే మందు రావడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. ఆ అరవై ఏళ్ళూ డాక్టర్లు చెప్పగలిగినవి మూడే మాటలు: మంచి గాలి, బలమైన తిండి, పూర్తి విశ్రాంతి. కొండ ప్రాంతమైతే ఇంకా మంచిదని నమ్మకం. దాంతో తూర్పు తీరం నుంచి జనం రైలెక్కారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి కొలరాడో జనాభాలో దాదాపు మూడో వంతు మంది క్షయ వల్లే, అంటే తమ జబ్బు వల్లనో ఇంట్లోవాళ్ళ జబ్బు వల్లనో, అక్కడికి చేరినవాళ్ళని చరిత్రకారుల అంచనా.

డబ్బున్నవాళ్ళు హోటళ్ళలో దిగి వరండాల్లో ఎండ కాచుకునేవాళ్ళు. లేనివాళ్ళ గతి వేరు. పెద్ద పెద్ద ఊళ్ళలో ధర్మసంస్థలు పేద రోగి చేతిలో ఒకవైపు టికెట్ పెట్టి డెన్వర్ పంపించేసేవి. అక్కడితో వాళ్ళ బాధ్యత తీరిపోయేది. దిగినవాడికి పని ఇచ్చేవాళ్ళు లేరు. దగ్గు వినగానే గది ఖాళీ లేదనేవాళ్ళు. ఒక్క ఆస్పత్రి మంచం కూడా దొరక్క రోడ్డు మీద రక్తం కక్కుకుంటూ పడిపోయిన మనుషులు ఆ ఊరివాళ్ళకి కొత్త దృశ్యం కాదు. చాలామంది చూసీ చూడనట్టు వెళ్ళిపోయేవాళ్ళు.

వెళ్ళిపోనిది ఫ్రాన్సెస్ జేకబ్స్. 1843లో కెంటకీలో పుట్టి, పెళ్ళయ్యాక కొలరాడో వచ్చిన ఈవిడని డెన్వర్ ‘ధర్మకార్యాల తల్లి’ అని పిలుచుకుంది. 1887లో వేర్వేరు మతాల పెద్దలతో కలిసి, ఊళ్ళోని ధర్మసంస్థలన్నీ ఉమ్మడిగా చందా వసూలు చేసుకునే పద్ధతి పెట్టింది. ఇవాళ అమెరికా అంతటా ఉన్న యునైటెడ్ వే సంస్థకి మూలం అదే. పడిపోయిన క్షయ రోగిని లేపి, డాక్టర్ని పిలిపించి, మందులకి డబ్బిచ్చి ఊరుకోకుండా, ఆస్పత్రి కట్టాలని పట్టుబట్టింది. యువ రబ్బీ (యూదు మతగురువు) విలియం ఫ్రీడ్‌మన్ ఆమెకి తోడయ్యాడు. 1892 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. అదే నెలలో అదే ఊళ్ళో డేవిడ్ ఎడెల్‌స్టాట్ అనే యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) కవి క్షయతో చనిపోయాడు. వయసు 26. కుట్టుపని కార్మికుల కష్టాల మీద పాటలు రాసిన మనిషి, గాలి మార్పు కోసమే డెన్వర్ వచ్చాడు. ఆ మరుసటి నెలలో జేకబ్స్ కూడా కన్నుమూసింది.

భవనం పూర్తయింది, కానీ తలుపు తెరుచుకోలేదు. కొలరాడో బతుకంతా వెండి గనుల మీదే. 1893లో వెండి ధర కుప్పకూలింది, బ్యాంకులు మూతపడ్డాయి, చందాలిస్తామన్నవాళ్ళే దివాలా తీశారు. రోగులు వీధుల్లో, వాళ్ళ కోసం కట్టిన భవనం తాళంతో. ఇలా ఆరేళ్ళు. చివరికి బ్నాయ్ బ్రిత్ అనే దేశవ్యాప్త యూదు సంఘం ఖర్చు తల మీద వేసుకోవడంతో 1899 డిసెంబర్‌లో నేషనల్ జ్యూయిష్ హాస్పిటల్ ఫర్ కన్‌సంప్టివ్స్ మొదలైంది. దానికి ముందు జేకబ్స్ పేరే పెట్టాలనుకున్నారు, దేశమంతా చందాలివ్వాలి కాబట్టి పేరు మారింది. మొట్టమొదట చేరిన రోగి యూదురాలు కాదు, స్వీడన్‌కి చెందిన యువతి. ‘చెల్లించగలవారికి ఇక్కడ ప్రవేశం లేదు, ప్రవేశించినవారు చెల్లించనక్కర్లేదు’ అన్నది ఆ ఆస్పత్రి నినాదం.

నినాదం ఉదారంగా ఉంది, నిబంధనలు అంత ఉదారంగా లేవు. జబ్బు తొలి దశలో ఉన్నవాళ్ళనే చేర్చుకునేవారు. ఆరు నెలలకి మించి ఉంచుకునేవారు కాదు. బయటికి వచ్చాక తన బతుకు తాను చూసుకోగలనని, ఊరికి భారం కానని రోగి చూపించుకోవాలి. చదివితే కఠినంగా అనిపిస్తుంది గానీ దీని వెనకాల లెక్క ఉంది. ఉన్నవి 60 మంచాలు. దేశంలో క్షయ రోగులు లక్షల్లో. చచ్చిపోయే స్థితిలో ఉన్న మనిషి ఏడాదిపాటు ఆక్రమించే మంచం మీద, కోలుకోగల ఇద్దరు ముగ్గురికి వైద్యం చేయొచ్చు. కొరతలో ఉన్న ఏ ఆరోగ్య వ్యవస్థ అయినా ఎప్పుడో ఒకప్పుడు ఈ లెక్క వేస్తుంది. మొండి క్షయకి బెడాక్విలిన్ అనే కొత్త మందు 2016లో మన దేశానికి వచ్చినప్పుడు మొదట ఆరంటే ఆరు ఆస్పత్రుల్లోనే ఇచ్చారు, దానికీ షరతులు పెట్టారు.

అయితే నేషనల్ జ్యూయిష్ నిబంధనల్లో వైద్యపు లెక్క ఒక్కటే లేదు, భయం కూడా ఉంది. ఆ ఆస్పత్రి పెద్దలు చాలావరకు జర్మనీ నుంచి ముందే వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్ళు. వ్యాపారస్తులు, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు, పాత ఆచారాల్ని సడలించుకున్న సంస్కరణవాద యూదులు. 1881లో రష్యా జార్ హత్య తర్వాత యూదుల మీద దాడులు మొదలయ్యాయి. అక్కడి నుంచి 1924 వరకు తూర్పు యూరప్ నుంచి ఇరవై లక్షలకి పైగా యూదులు అమెరికాలో దిగారు. వాళ్ళు పేదలు, యిడ్డిష్ మాట్లాడేవాళ్ళు, కొందరు గడ్డాలతో ఛాందసంగా, కొందరు ఎర్రజెండాలతో. వీళ్ళ వల్ల తమ పరువు పోతుందని పాతవాళ్ళకి టెన్షన్. జబ్బు వలసదారులు సమాజానికి భారమన్న ప్రచారం అప్పటికే నడుస్తోంది. 1907 వలస చట్టం క్షయ ఉన్నవాళ్ళకి దేశంలో ప్రవేశమే లేదంది.

క్షయకి ఆ రోజుల్లో ‘దర్జీల జబ్బు’ అని, ‘యూదుల జబ్బు’ అని పేర్లు. మొదటి పేరులో నిజం ఉంది. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో కొత్తగా వచ్చినవాళ్ళకి దొరికే పని బట్టలు కుట్టడం. ఆ పని జరిగేది ఫ్యాక్టరీల్లో కన్నా ఇరుకు ఇళ్ళలోనే ఎక్కువ. ఒకటే గదిలో రెండు మూడు కుట్టుమిషన్లు, ఇస్త్రీ పెట్టెలు వేడి చేసే పొయ్యి, మూసిన కిటికీలు, నూలు దుమ్ము, మధ్యలో ఆడుకునే పిల్లలు. ఒకడు దగ్గితే అందరూ పీల్చాల్సిందే. రెండో పేరు మాత్రం వట్టి అపవాదు. అప్పటి మరణాల లెక్కల్లో యూదుల్లో క్షయ చావులు ఇరుగుపొరుగు వలసదారుల కన్నా తక్కువే కనిపించాయి. అంత ఇరుకులో ఉండి కూడా తక్కువ ఎందుకన్నదాని మీద డాక్టర్లు తలలు బద్దలు కొట్టుకున్నారు. అపవాదుకి మాత్రం లెక్కలతో పనిలేదు.

ఇలాంటి దర్జీ ఒకడు జబ్బు ముదిరాక డెన్వర్ వస్తే నేషనల్ జ్యూయిష్ చేర్చుకోదు. తిరిగి వెళ్ళడానికి డబ్బుండదు. 1903లో డెన్వర్ పడమటి వైపు పేటల్లో ఉండే ఇరవై మంది దాకా శ్రామికులు ఒకచోట చేరి దీని గురించి మాట్లాడుకున్నారు. వాళ్ళలో దర్జీలున్నారు, చుట్టలు చుట్టేవాడున్నాడు, రేకుపని చేసేవాడు, ఇళ్ళకి రంగులు వేసేవాడు, ఫొటోలు తీసేవాడు ఉన్నారు. కొందరికి స్వయంగా క్షయ ఉంది. జేబులు దులిపితే వచ్చింది ఒక డాలరు పది సెంట్లు. ఆ డబ్బుతో ఆస్పత్రి కడతామన్నవాళ్ళని చూసి ఊళ్ళో పెద్దమనుషులు నవ్వుకుని ఉంటే తప్పుపట్టలేం. కానీ 1904లో జ్యూయిష్ కన్‌సంప్టివ్స్ రిలీఫ్ సొసైటీ రిజిస్టర్ అయింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో, ఊరి బయట కొన్న 20 ఎకరాల నేలలో కొన్ని గుడారాలతో శానిటోరియం తెరుచుకుంది. జేసీఆర్‌ఎస్ అనే పొట్టి పేరుతోనే అది ప్రసిద్ధి.

శ్రామికులు తలపెట్టారు సరే, నడిపించింది ఇద్దరు డాక్టర్లు. అధ్యక్షుడు ఫిలిప్ హిల్కోవిట్జ్ ఒక రబ్బీ కొడుకు, పాథాలజిస్టు, అంటే ల్యాబ్ పరీక్షలతో జబ్బు తేల్చే డాక్టరు. తర్వాతి రోజుల్లో అమెరికన్ క్లినికల్ పాథాలజిస్టుల సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. కార్యదర్శి చార్లెస్ స్పివాక్ కథ ఇంకా రంగులున్నది. 1861లో ఉక్రెయిన్‌లో పుట్టి, జార్‌కి వ్యతిరేకంగా పనిచేసే కుర్రాళ్ళతో తిరిగి, పోలీసుల చూపు పడేసరికి 1882లో అమెరికా పారిపోయాడు. పొలాల్లో కూలికి వెళ్ళాడు, బట్టల మిల్లులో పనిచేశాడు. అలా కష్టపడి ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో చదివి 1890లో డాక్టరయ్యాడు. 1896లో డెన్వర్ రావడానికి కారణం భార్య ఆరోగ్యం. అంటే ఇతను కూడా ఊరికి అందరూ వచ్చిన దారినే వచ్చాడు. సోషలిస్టు భావాలు, మతం మీద పెద్దగా పట్టింపు లేదు. ఛాందస యూదుల వంటింటి కోసం పోట్లాడింది మాత్రం ఇతనే.

మొదట్లో జేసీఆర్‌ఎస్‌లో పక్కా వార్డులు లేవు. చెక్క నేల, చెక్క చట్రం, పక్కలకి కాన్వాసు గుడ్డ. పేదరికం వల్ల గుడారాలు వేశారనుకోవచ్చు, అది నిజమే, కానీ వైద్యశాస్త్రం కూడా అప్పుడు గుడారాన్నే మెచ్చుకునేది. గాలి ఎంత ఆడితే ఊపిరితిత్తులకి అంత మంచిదన్న నమ్మకం. కాన్వాసు పైకి చుట్టేస్తే రోగి ఆరుబయట పడుకున్నట్టే. మంచు కురిసే జనవరిలో కూడా దుప్పట్లు, టోపీలు, చేతితొడుగులతో బయట పడక కుర్చీల్లో గంటల తరబడి పడుకోబెట్టేవారు. మాట్లాడకూడదు, నవ్వకూడదు, కొన్ని గంటల్లో పుస్తకం కూడా పట్టుకోకూడదు. ఉమ్మడానికి ప్రతివాడి దగ్గరా మూతున్న కప్పు, దాన్ని రోజూ కాల్చేసేవారు. ఇక తిండి. పాలు, పచ్చి గుడ్లు, మాంసం, మళ్ళీ పాలు. కడుపు వద్దన్నా తినాల్సిందే. బరువు పెరగడమే ఆరోగ్యానికి కొలమానం, వారానికోసారి తూకం యంత్రం ముందు రోగుల గుండె దడ మామూలుగా ఉండేది కాదు. ఈ పాలూ గుడ్ల కోసమే సంస్థ సొంతంగా ఆవుల్నీ కోళ్ళనీ పెంచుకుంది. రాను రాను భూమి వందెకరాలు దాటింది, పక్కా భవనాలు లేచాయి, అచ్చు యంత్రం వచ్చింది, 1926లో ప్రార్థనా మందిరం కట్టారు. సొంత పోస్టాఫీసు కూడా ఏర్పడింది. దాని పేరు స్పివాక్, కొలరాడో.

వంటింటి గొడవ ఇక్కడే వస్తుంది. యూదు ఆచారం ప్రకారం మాంసం కోషర్ అయి ఉండాలి, అంటే పద్ధతి ప్రకారం కోసినదై ఉండాలి. పాలకీ మాంసానికీ గిన్నెలు కూడా వేరుగా ఉండాలి. రెండూ ఒకే పూట కలిపి తినకూడదు. నేషనల్ జ్యూయిష్ ఇవేవీ పట్టించుకోలేదు. మతం పేరుతో తిండికి అడ్డంకులు పెట్టడం శాస్త్రం కాదని ఫ్రీడ్‌మన్ వర్గం వాదన. జబ్బుతో ఉన్నవాడికి ధర్మశాస్త్రమే మినహాయింపు ఇస్తుంది కదా అని కూడా అనేవాళ్ళు. మాట సరైనదే. కానీ పుట్టినప్పటి నుంచి ముట్టని తిండి కంచంలోకి వస్తే, దేవుడు క్షమిస్తాడని చెప్పినంత మాత్రాన ముద్ద దిగుతుందా? కొందరు మాంసం వదిలేసి రొట్టె తిని ఊరుకునేవాళ్ళు. బలమైన తిండే వైద్యమైన చోట అది మందు మానేయడంతో సమానం. స్పివాక్ దీన్ని డాక్టరుగానే చూశాడు. రోగి మనసారా తినగలిగే తిండే అతనికి పనికొచ్చే తిండి. జేసీఆర్‌ఎస్ వంటిల్లు మొదటి నుంచీ కోషర్. నేషనల్ జ్యూయిష్‌లో కోషర్ వంటిల్లు రావడానికి 1923 దాకా పట్టింది.

మంచం ఎవరికన్న ప్రశ్నకి జేసీఆర్‌ఎస్ జవాబు సూటిగా ఉంది: ఏ దశలో ఉన్నా, ఏ మతమైనా, డబ్బు లేని రోగి వస్తే చేర్చుకోవాలి. ‘ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు లోకాన్నంతా కాపాడినట్టే’ అన్న ప్రాచీన యూదు ధర్మవాక్యాన్ని సంస్థ నినాదంగా పెట్టుకుంది. తూర్పు వైపు ఉన్న నేషనల్ జ్యూయిష్ వాళ్ళకి ఇది చాదస్తంగా కనిపించింది. ఒకే ఊళ్ళో రెండు యూదు ఆస్పత్రులంటే చందాలు చీలిపోతాయి. ముదిరిన రోగులకీ తలుపు తెరిస్తే దేశంలోని ధర్మసంస్థలన్నీ చావుకి దగ్గరపడ్డవాళ్ళని డెన్వర్ రైలెక్కిస్తాయి. వాళ్ళు అక్కడే చనిపోతారు, భార్యాపిల్లలు వీధిన పడతారు. ఈ భయాల్లో ఏదీ ఉత్తది కాదు. నిజంగానే చాలామంది అక్కడ చనిపోయారు. డెన్వర్‌కి పడమట గోల్డెన్ హిల్ శ్మశానంలో దిక్కులేని క్షయ రోగుల కోసం ఒక భాగమే ఉంది.

వందేళ్ళ తర్వాత, క్షయ గురించి ఇప్పుడు తెలిసిన విషయాలతో చూస్తే ఎవరి వాదన నిలబడుతుంది? ముందు ‘ఫలితాల’ సంగతి. నేషనల్ జ్యూయిష్ తన రోగుల్లో ఎక్కువమంది కోలుకుని వెళ్ళారని చెప్పుకోగలిగేది, జేసీఆర్‌ఎస్‌కి ఆ అవకాశం తక్కువ. కానీ ఈ తేడాలో వైద్యం వాటా ఎంత, వడపోత వాటా ఎంత? మందు లేకపోయినా క్షయ తొలి దశలో కొందరికి దానంతట అదే అణిగిపోతుంది. అలాంటివాళ్ళనే ఏరి చేర్చుకుంటే ఏ ఆస్పత్రి లెక్కలైనా మెరుస్తాయి. పైగా ఆరు నెలల తర్వాత రోగి వెళ్ళేది అదే గదికి, అదే కుట్టుమిషన్ దగ్గరికి. అణిగిన జబ్బు మళ్ళీ లేస్తే ఆ లెక్క ఆస్పత్రి పుస్తకంలోకి రాదు.

రెండోది ఇంకా ముఖ్యం, అప్పట్లో ఈ గొడవలో పెద్దగా వినిపించనిది కూడా. క్షయ పాకేది ఎక్కువగా ముదిరిన రోగి నుంచే. ఊపిరితిత్తుల్లో గుంతలు పడ్డవాడి దగ్గులోనే లక్షల కొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది. తొలి దశ రోగిని ఆస్పత్రిలో పెడితే ఆ ఒక్కడికి మేలు. ముదిరిన రోగిని ఇరుకు గదిలోంచి తీసి, మూతున్న కప్పులో ఉమ్మించి, వేరే మంచం ఇస్తే, అతను బతికినా బతక్కపోయినా ఇంట్లో పిల్లలకి మేలు. ఊరి ఆరోగ్యం దృష్టితో చూస్తే మంచం మొదట దక్కాల్సింది బతికే ఆశ తక్కువగా ఉన్నవాడికే. దర్జీలూ చుట్టలు చుట్టేవాళ్ళూ జాలితో తీసుకున్న నిర్ణయం, శాస్త్రం పేరు చెప్పుకున్నవాళ్ళ నిర్ణయం కన్నా శాస్త్రానికి దగ్గరగా ఉంది. ఇది ముందే ఊహించి చేసిన పని అనడం అతిశయోక్తి అవుతుంది. వాళ్ళకి కనిపించింది గుమ్మంలో నిలబడ్డ మనిషి.

డబ్బు సేకరణలోనూ రెండు దారులు. నేషనల్ జ్యూయిష్ వెనక సంపన్న దాతలు, బ్నాయ్ బ్రిత్ శాఖలు. జేసీఆర్‌ఎస్‌ది చిల్లర డబ్బు లెక్క. ఊరూరా మహిళా సంఘాలు, ఇళ్ళలోనూ అంగళ్ళలోనూ పెట్టిన డబ్బాలు, కార్మిక సంఘాల చందాలు, ఊళ్ళు తిరిగి వసూలు చేసే ఏజెంట్లు. కొన్ని భవనాలకి చందాలిచ్చిన ప్రాంతాల పేర్లే పెట్టారు, టెక్సస్ పేరుతో ఒకటి, న్యూయార్క్ మహిళల పేరుతో ఒకటి. ఇలా సెంట్లు పోగేయడానికి ఖర్చు ఎక్కువే. కానీ దానివల్ల ఇంకో సంగతి జరిగింది. న్యూయార్క్‌లో డబ్బాలో నాణెం వేసే దర్జీకి, రేపు తానే ఆ మంచం మీదికి రావచ్చని తెలుసు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే పేటవాళ్ళు. అందుకే రోగులు అక్కడ తమకి ఏదో హక్కున్నట్టే మాట్లాడేవాళ్ళు. తూర్పు ఆస్పత్రిలో నచ్చని విషయాల గురించి యిడ్డిష్ పత్రికల్లో వచ్చిన విమర్శలు చదివితే, వాళ్ళకి మంట పుట్టించింది తిండి ఒక్కటే కాదని అర్థమవుతుంది. దాతల ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి రావడం అంతకన్నా గుచ్చుకుంది.

ఈ శానిటోరియం చుట్టూ ఇంతమంది కవులు ఎలా చేరారన్నది విచిత్రంగా అనిపిస్తుంది, కానీ కారణం మామూలిదే: యిడ్డిష్ కవులు చాలామంది పగలు కుట్టుపని, రంగులపని లాంటివి చేసుకునే శ్రామికులు, శ్రామికులకి క్షయ. యెహోయాష్ అనే కలంపేరుతో రాసిన సాలమన్ బ్లూమ్‌గార్డెన్ క్షయ వల్లే డెన్వర్‌లో ఏళ్ళ తరబడి ఉండిపోయాడు. స్పివాక్, అతను కలిసి యిడ్డిష్‌లో వాడే హీబ్రూ, అరమాయిక్ మాటలకి నిఘంటువు తయారుచేసి 1911లో అచ్చువేశారు. పగలంతా క్షయ రోగుల్ని చూసే డాక్టరు, రాత్రిళ్ళు మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాడన్నమాట. యెహోయాష్ తర్వాత బైబిల్‌ని యిడ్డిష్‌లోకి తెచ్చి ఆ భాషలో చిరస్థాయిగా నిలిచాడు. జార్ ప్రభుత్వం సైబీరియాకి పంపితే తప్పించుకొచ్చిన కవి హెచ్. లేవిక్ 1930లలో జేసీఆర్‌ఎస్‌లో రోగిగా ఉంటూ రాశాడు. ఇళ్ళకి వాల్‌పేపర్లు అంటించడం అతని వృత్తి.

స్పివాక్ 1927లో క్యాన్సర్‌తో చనిపోయాడు. అతని వీలునామా ఆ మనిషి ఎలాంటివాడో చెబుతుంది. తన శవాన్ని దగ్గర్లోని మెడికల్ కాలేజీకి ఇవ్వాలని, యూదు విద్యార్థులూ యూదులు కానివాళ్ళూ సమాన సంఖ్యలో ఉండి దాన్ని కోయాలని రాశాడు. ఆ తర్వాత ఎముకల్ని కూర్చి అస్థిపంజరాన్ని జెరూసలెంలోని యూనివర్సిటీకి పాఠాల కోసం పంపాలన్నాడు. శవాన్ని కోయడం ఛాందస యూదులకి సుతరామూ గిట్టదు. వాళ్ళ కోషర్ గిన్నెల కోసం పోరాడినవాడే, తన శరీరం విషయంలో మాత్రం శాస్త్రం వైపు నిలబడ్డాడు.

రోగుల పిల్లల సంగతి వేరే కథ. తండ్రో తల్లో శానిటోరియంలో ఉంటే వాళ్ళని చూసేదెవరు? 1907లో ఫానీ లోర్బర్, డెన్వర్ మహిళలు కలిసి అలాంటి పిల్లలకి ఒక ఆశ్రయం పెట్టారు. క్షయ తగ్గుముఖం పట్టాక ఆ సంస్థ ఆస్తమా పిల్లల ఆస్పత్రిగా, పరిశోధన కేంద్రంగా మారింది. 1966లో కిమిషిగే, టెరుకో ఇషిజాకా అనే జపనీస్ దంపతులు ఎలర్జీకి కారణమయ్యే ఐజీఈ అనే యాంటీబాడీని గుర్తించింది అక్కడే. ఇవాళ మన ఊరి ల్యాబ్‌లో ఎలర్జీకి రాసే ఐజీఈ రక్తపరీక్షకి మూలం, క్షయ రోగుల పిల్లల కోసం పెట్టిన ఒక అనాథాశ్రమం లాంటి ఇల్లు. 1978లో ఆ కేంద్రం నేషనల్ జ్యూయిష్‌లో కలిసిపోయింది.

దక్షిణ కాలిఫోర్నియాలోనూ ఇలాంటిదే జరిగింది. లాస్ ఏంజెలెస్ యూదు శ్రామికులు 1912లో సంఘం పెట్టుకుని, డ్యుఆర్టే అనే చోట ఎడారి అంచున రెండు గుడారాలతో క్షయ శానిటోరియం మొదలుపెట్టారు. అది ఇప్పటి సిటీ ఆఫ్ హోప్ క్యాన్సర్ ఆస్పత్రి. బ్యాక్టీరియాతో మనిషి ఇన్సులిన్ తయారుచేయవచ్చని 1978లో రుజువు చేసిన పనిలో సగం అక్కడి ల్యాబ్‌లోనే జరిగింది. షుగర్‌కి ఇన్సులిన్ పొడుచుకునే కోట్లమందికి ఆ గుడారాల బాకీ ఎంతో కొంత ఉంది.

మందు చివరికి వచ్చింది. 1943లో సెల్మన్ వాక్స్‌మన్ ల్యాబ్‌లో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టాడు. వాక్స్‌మన్ కూడా ఉక్రెయిన్ నుంచి వలసవచ్చిన యూదుడే. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది, చవకైన మాత్ర. శానిటోరియం మంచాలు ఖాళీ కావడం మొదలైంది. అయినా మాత్రతో పాటు మంచం, గాలి, తిండి కూడా ఉండాల్సిందేనన్న పట్టుదల డాక్టర్లలో చాలా ఏళ్ళు పోలేదు. మన దగ్గరా అంతే. మదనపల్లె పక్కన డేనిష్ డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ 1915లో తెరిచిన ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి, ఇవన్నీ గుట్టల గాలి మీద నమ్మకంతో వెలిసినవే.

ఆ నమ్మకానికి తెరదించిన పరీక్ష జరిగింది మద్రాసులో. 1956లో అక్కడ పెట్టిన క్షయ చికిత్స కేంద్రం, పేద రోగుల్ని రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకి శానిటోరియంలో మంచం, విశ్రాంతి, మంచి తిండి. ఇంకో జట్టు తమ ఇరుకు ఇళ్ళలోనే ఉండి, పనులకి వెళ్తూ, అరకొర తింటూ అవే మందులు ఏడాదిపాటు వేసుకున్నారు. 1959లో ఫలితాలు వచ్చాయి. శానిటోరియం వాళ్ళు బరువు ఎక్కువ పెరిగారు. జబ్బు తగ్గడంలో మాత్రం రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో ఉన్న రోగుల కుటుంబాలకి అదనంగా జబ్బు అంటుకోలేదు కూడా. యాభై ఏళ్ళు డెన్వర్‌లో ఎవరికివ్వాలని కొట్టుకున్న మంచం, మందు ఉన్నాక అసలు అక్కర్లేదని తేలింది.

అప్పటికే జేసీఆర్‌ఎస్ తలుపులు క్షయకి మూసేసింది. యాభై ఏళ్ళలో దాదాపు 10,000 మందికి వైద్యం చేసి, 1954లో క్యాన్సర్ ఆస్పత్రిగా మారింది. ఆ తర్వాత పరిశోధన కేంద్రం అయింది. ఆ ప్రాంగణంలోకి తర్వాత ఒక ఆర్ట్ కాలేజీ వచ్చింది. నేషనల్ జ్యూయిష్ ఊపిరితిత్తుల జబ్బులకి అమెరికాలో పేరున్న ఆస్పత్రిగా అదే కోల్‌ఫాక్స్ అవెన్యూ మీద ఉంది. జేసీఆర్‌ఎస్ కాగితాలు డెన్వర్ యూనివర్సిటీకి చేరాయి. ఆస్పత్రిలో చేరే ముందు రోగి నింపిన అర్జీలు, ఇళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలు, డాక్టర్ల చీటీలు అందులో ఉన్నాయి. తాతముత్తాతలు అమెరికా వచ్చాక ఏమయ్యారో తెలియని కుటుంబాలు ఇప్పటికీ ఆ పేర్ల పట్టికలో వెతుక్కుంటుంటాయి.